ఎన్‌ఎస్‌జీ, పారా ఎస్ఎఫ్, ఉస్తాద్ పోస్టింగ్: జవానుగా ఉండి ఎలా వెళ్లాలి, ఎవరిని తీసుకుంటారు?

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. మద్రాస్ సాపర్స్‌లో (ఆర్మీ ఇంజనీర్ల దళం) ఆరేళ్ల సర్వీసు, లాన్స్ నాయక్ ర్యాంకు, పెళ్లయి ఏడాది, ఇంట్లో ఆమెకి ఇప్పుడు నెలలు. ఎన్‌ఎస్‌జీకి (నేషనల్ సెక్యూరిటీ గార్డ్, ఉగ్రవాదుల మీద పోరాడే కమాండో దళం) గానీ ఆర్మీలోని పారా స్పెషల్ ఫోర్సెస్‌కి (ఎస్ఎఫ్) గానీ వెళ్లాలని ఉంది. యూనిట్‌లో ఎవరిని అడిగినా ‘లెటర్ వస్తే చూద్దాం’ అంటున్నారు. నేరుగా అప్లై చేసే దారి ఉందా? లీవు దాటి వచ్చినందుకు గతంలో పడిన శిక్ష అడ్డమా? హిందీ అంతంతమాత్రం, నెగ్గుకు రాగలనా? బయటికెళ్తే ప్రమోషన్ పోతుందా?

జవాబు మొదలుపెట్టే ముందు ఒక మాట. ప్రశ్నలో యూనిట్ నంబరూ, ఇప్పుడున్న చోటూ రాశావు. దయచేసి వెంటనే తీసెయ్. అవి లేకపోయినా నీ ప్రశ్నకి జవాబు చెప్పొచ్చు.

నేను మద్రాస్ రెజిమెంట్‌లో చేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. మధ్యలో ఒక టెన్యూర్ ఎన్‌ఎస్‌జీలో, ఒకటి వెల్లింగ్టన్ సెంటర్‌లో రిక్రూట్లకి ఉస్తాద్‌గా, అంటే శిక్షణ ఇచ్చేవాడిగా చేశాను. చివరి ఏళ్లలో కంపెనీ సీనియర్ జేసీఓగా (జవాన్లకీ ఆఫీసర్లకీ మధ్య ఉండే ర్యాంకు) ఉన్నప్పుడు పిల్లల దరఖాస్తులన్నీ నా ముందునుంచే వెళ్లేవి. ఆ అనుభవంతో చెప్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, సీఓ, అంటే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ సంతకం లేకుండా నీ కాగితం యూనిట్ గేటు దాటదు. నేరుగా అప్లై చేసే దారి లేదు. అలాగని లెటర్ కోసం ఎదురుచూస్తూ కూర్చునే పనీ కాదు. రికార్డ్ ఆఫీసు నుంచో పై హెడ్‌క్వార్టర్స్ నుంచో లెటర్ వచ్చేసరికి పేర్లు పంపడానికి కొద్ది రోజులే గడువుంటుంది. ఆ రోజుకి ఎవరు షేప్-1లో, అంటే మెడికల్‌గా పూర్తి ఫిట్‌గా ఉన్నారు, ఎవరి డాక్యుమెంట్లలో లోటు లేదు, ఎవరు బీపీఈటీ (బరువుతో పరుగు ఉండే ఫిట్‌నెస్ పరీక్ష) బాగా కొట్టారు, ఎవరిని వదిలితే కంపెనీ పని ఆగదు అని చూసి వాళ్ల పేర్లు రాస్తారు. అసలు సెలెక్షన్ ఎన్‌ఎస్‌జీ ఉండే మానేసర్‌లోనో పారా వాళ్లుండే ఆగ్రాలోనో మొదలవుతుందనుకుంటారు చాలామంది. కాదు, నీ కంపెనీ ఆఫీసులోనే సగం అయిపోతుంది. ఆ సగం పూర్తిగా నీ చేతిలో ఉంది కాబట్టే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నువ్వు ఎన్‌ఎస్‌జీనీ పారా ఎస్ఎఫ్‌నీ ఒకే గాటన కట్టావు. ఆ రెండూ పూర్తిగా వేరు.

ఎన్‌ఎస్‌జీ డెప్యుటేషన్. 1984లో ఏర్పడింది, 1986లో పార్లమెంటు చట్టం చేసింది, హోం శాఖ కింద నడుస్తుంది. దానికంటూ సొంతంగా భర్తీ చేసుకున్న జవాన్లు లేరు. స్పెషల్ యాక్షన్ గ్రూపులు, అంటే 51, 52 ఎస్ఏజీలు మొత్తం ఆర్మీ మనుషులతో నడుస్తాయి. స్పెషల్ రేంజర్ గ్రూపుల్లో సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి బలగాల వాళ్లుంటారు. నువ్వెళ్తే కొన్నేళ్లు చేసి మళ్లీ నీ పేరెంట్ యూనిట్‌కే వస్తావు. నీ కాప్ బ్యాడ్జి, సీనియారిటీ, రికార్డ్ ఆఫీసు ఏదీ మారదు. 2008 నవంబరులో ముంబై నారిమన్ హౌస్‌లో ప్రాణం ఇచ్చిన హవల్దార్ గజేందర్ సింగ్‌ది అసలు 10 పారా ఎస్ఎఫ్. డెప్యుటేషన్ మీద 51 ఎస్ఏజీలో ఉన్నాడు. ఆయనకి అశోకచక్ర వచ్చింది.

పారా అలా కాదు. ప్రొబేషన్ పాసైతే నువ్వు ఆ రెజిమెంట్ మనిషివి. సాపర్స్‌కి తిరిగి రావు. నీ ప్రమోషన్ లైను, తోటివాళ్లు, పోస్టింగులు అన్నీ మారిపోతాయి. పాసవకపోతే ఆర్‌టీయూ, అంటే ‘రిటర్న్ టు యూనిట్’. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, వెళ్లినవాళ్లలో ఎక్కువమంది వెనక్కి వస్తారు. కానీ వెళ్లే ముందు ఒక్కటి ఆలోచించు: నీకు ఆ పని కొన్నేళ్లు చేసి రావాలని ఉందా, జీవితమంతా అదే చేయాలని ఉందా? మొదటిదైతే ఎన్‌ఎస్‌జీ, రెండోదైతే పారా. రెండూ కావాలంటే ముందు పారాకి వెళ్లు, అక్కడి నుంచి ఎన్‌ఎస్‌జీకి దారి ఉంటుంది.

మూడో రకం ఈఆర్‌ఈ, అంటే ఎక్స్‌ట్రా రెజిమెంటల్ ఎంప్లాయ్‌మెంట్. ట్రైనింగ్ సెంటర్లో ఉస్తాద్, అకాడమీలో డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్, ఎన్‌సీసీలో పీఐ స్టాఫ్ (పర్మనెంట్ ఇన్‌స్ట్రక్టర్లు), భూటాన్‌లో హా దగ్గరున్న ఇమ్‌ట్రాట్ (అక్కడి సైన్యానికి శిక్షణ ఇచ్చే మన ఆర్మీ బృందం), ఇవన్నీ అందులోకే వస్తాయి. సాధారణంగా రెండు మూడేళ్లు. వీటి గురించి నువ్వు అడగలేదు. నీకు మాత్రం ఉస్తాద్ పోస్టింగ్ గురించి గట్టిగా చెప్పాలి, కిందకి వస్తాను.

ముందు ఎన్‌ఎస్‌జీ. సాపర్‌వి కాబట్టి నీకు ఇన్‌ఫాంట్రీ వాళ్లకి లేని ఒక దారి ఉంది. నల్ల డాంగ్రీ వేసుకుని తలుపులు పగలగొట్టే అసాల్ట్ టీములే ఎన్‌ఎస్‌జీ అని సినిమాలు చూసి అనుకుంటారు. బాంబ్ డిస్పోజల్ స్క్వాడ్, సిగ్నల్స్, డాగ్ హ్యాండ్లర్లు, డ్రైవర్లు, మెడికల్ వాళ్లు లేకుండా ఆ టీము ఒక్క అడుగు వేయదు. 2016 జనవరిలో పఠాన్‌కోట్‌లో, చనిపోయిన ఉగ్రవాది ఒంటిమీద పేలుడు పదార్థం తీస్తూ అమరుడైన లెఫ్టినెంట్ కల్నల్ నిరంజన్ మీ మద్రాస్ సాపర్స్ అధికారే. ఎన్‌ఎస్‌జీ బాంబు దళంలో ఉన్నారు. కాబట్టి పూణేలో సీఎంఈలో (ఆర్మీ ఇంజనీరింగ్ కాలేజీ) జరిగే బాంబ్ డిస్పోజల్, ఐఈడీ కోర్సులకి నీ పేరు పంపించమని ఇప్పుడే అడుగు. ఆ కోర్సు మంచి గ్రేడింగ్‌తో చేసి ఉంటే, లెటర్ వచ్చిన రోజు నీ పేరు వరుసలో పైకి వస్తుంది. అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ క్వాలిఫికేషన్ ఉన్నవాళ్లు తక్కువమంది.

మానేసర్ వెళ్లాక మొదట స్క్రీనింగ్, ఆ తర్వాత నెలల తరబడి ట్రైనింగ్. పరుగు, అడ్డంకుల కోర్సు ఎలాగూ ఉంటాయి. పిల్లలు ఎక్కువగా తడబడేది ఫైరింగ్ దగ్గర. యూనిట్‌లో ఏడాదికి కొన్ని రౌండ్లు రేంజ్ క్లాసిఫికేషన్ కోసం పేలుస్తాం. అక్కడ రోజూ పేలుస్తారు, దగ్గర దూరాల్లో, కదులుతూ, ఎవరిని కొట్టాలో ఎవరిని కొట్టకూడదో క్షణంలో తేల్చుకుంటూ. గదిలో బందీ ఉంటాడు కాబట్టి తప్పు గుండుకి అక్కడ క్షమాపణ లేదు. వేగంగా పరిగెత్తగలిగి చెయ్యి నిలకడ లేనివాడికంటే, కాస్త నెమ్మదిగా పరిగెత్తినా మనసు చల్లగా ఉండేవాడు అక్కడ నిలబడతాడు. ఇది నేను కళ్లారా చూసిన సంగతి. మన హైదరాబాద్‌లో కూడా 2009 నుంచి ఎన్‌ఎస్‌జీ హబ్ ఉంది. అది చూసి ‘ఇంటి దగ్గర పోస్టింగ్’ అనుకుని కొందరు విల్లింగ్‌నెస్ ఇస్తారు. ఎక్కడ వేస్తారన్నది వాళ్ల ఇష్టం. ఆ లెక్కతో వెళ్లకు.

పారా ఎస్ఎఫ్ సంగతి. వాలంటీర్‌గా ఏ ఆర్మ్ నుంచైనా వెళ్లొచ్చు. వయసు మీద పరిమితి ఉంటుంది, లెటర్‌లో రాసి ఉంటుంది. ఆరేళ్ల సర్వీసంటే నీకు ఎక్కువ సమయం లేదు, వెళ్లేదుంటే త్వరగా తేల్చుకో. ప్రొబేషన్‌లో బరువుతో పదుల కిలోమీటర్ల స్పీడ్ మార్చ్‌లు, నిద్ర లేకపోవడం, ఆకలి, వీటన్నిటి మధ్య బుద్ధి పనిచేస్తోందా అని చూడటం ఉంటాయి. ఏ రోజైనా ‘నేను వెళ్లిపోతాను’ అంటే ఎవరూ ఆపరు. అక్కడ అదే అసలు పరీక్ష. పాసైనవాళ్లు ఆగ్రాలో పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్లో జంప్‌లు చేస్తారు. బేసిక్ కోర్సులో ఐదు, అందులో ఒకటి రాత్రిపూట. మెరూన్ బెరెట్ పారా వాళ్లందరిదీ. బలిదాన్ బ్యాడ్జి స్పెషల్ ఫోర్సెస్ వాళ్లది.

మనవాళ్లు వెళ్లలేరన్న అపోహ ఒకటి ఊళ్లలో ఉంది. అప్పటి చిత్తూరు జిల్లా ఎగువరేగడ అనే చిన్న ఊరి నుంచి వెళ్లిన లాన్స్ నాయక్ సాయితేజ పారా ఎస్ఎఫ్ జవాను. అప్పటి సీడీఎస్ (త్రివిధ దళాల అధిపతి) జనరల్ బిపిన్ రావత్ గారి వ్యక్తిగత భద్రతలో ఉండి, 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయనతో పాటే పోయాడు. దేశంలో అంత పెద్ద అధికారి పక్కన నిలబెట్టడానికి ఏరి తీసుకున్న కొద్దిమందిలో మన పిల్లవాడున్నాడు. ర్యాంకు చూస్తే నీ ర్యాంకే.

ఇంకో సంగతి. పారా అంటే ఎస్ఎఫ్ ఒక్కటే కాదు. ఆగ్రా పారా బ్రిగేడ్‌లో ఇంజనీర్లు, సిగ్నల్స్, మెడికల్ కూడా జంప్ చేసేవాళ్లే. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపం అప్పుడు వెళ్లి ఆస్పత్రి నడిపింది 60 పారా ఫీల్డ్ హాస్పిటల్. ట్రేడ్ మనిషిగానే ఉంటూ పారా అవ్వాలనుకునేవాళ్లకి ఇదొక దారి.

ఇప్పుడు నీ పేరు కాగితం మీద ఎలా వెళ్తుందో దగ్గర్నుంచి చూపిస్తాను. ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది పోతారు. లెటర్ రాగానే అడ్జుటెంట్ (యూనిట్ ఆఫీసు పని చూసే అధికారి) దాన్ని కంపెనీలకి పంపుతారు. సాయంత్రం రోల్‌కాల్‌లో చదువుతారు. ఆ రోజు నువ్వు లీవులోనో డిటాచ్‌మెంట్‌లోనో ఉంటే నీకు తెలియకుండానే గడువు దాటిపోతుంది. విల్లింగ్‌నెస్ ఇచ్చినవాళ్ల పేర్లతో ఒక నామినల్ రోల్ తయారవుతుంది. అడ్డంగా ఒకే ఒక్క లైను: నంబరు, ర్యాంకు, పేరు, ట్రేడ్, పుట్టిన తేదీ, భర్తీ తేదీ, మెడికల్ క్యాటగిరీ, చదువు, చేసిన కోర్సులు వాటి గ్రేడింగులు, ఫీల్డ్‌లో ఎన్నాళ్లున్నాడు, శిక్షలు, బీపీఈటీ ఫలితం, చివర సీఓ సిఫారసు. ఆ లైను క్లర్కు నీ మొహం చూసి రాయడు, షీట్ రోల్, అంటే నీ సర్వీసు రికార్డు చూసి రాస్తాడు. షీట్ రోల్‌లో లేనిది నీ దగ్గర లేనట్టే.

మా కంపెనీలో ఒక కుర్రాడు దూరవిద్యలో బీఏ పూర్తిచేశాడు. సర్టిఫికెట్ ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. దాన్ని రికార్డుల్లో ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ మాత్రం పడలేదు. రోల్‌లో పదో తరగతి అని వెళ్లింది. ఇంటర్ పాసైనవాళ్లే కావాలన్న పోస్టింగ్ అది. పై ఆఫీసులో ఆ కాగితం చూసినవాళ్లకి ట్రంకు పెట్టె సంగతి ఎలా తెలుస్తుంది? ఇంకొకడు ఆటల్లో గాయపడి క్యాటగిరీ తగ్గాడు, తర్వాత బాగుపడ్డాడు, క్యాటగిరీ మళ్లీ నిర్ణయించే రీ-క్యాట్ మెడికల్ బోర్డుకి మాత్రం వెళ్లలేదు. కాగితం మీద ఇంకా ఏ-3 టెంపరరీ అనే ఉంది. ఒంటికి ఏ లోపమూ లేని మనిషి కాగితం మీద పనికిరాకుండా పోయాడు.

అందుకే ఈ వారమే హెడ్ క్లర్కు సాబ్‌ని మర్యాదగా అడిగి నీ డాక్యుమెంట్లు చూసుకో. పెళ్లి పార్ట్ టూ ఆర్డర్ పడిందా, భార్య పేరు స్పెల్లింగ్ ఆధార్‌తో కలుస్తోందా, నీ పుట్టిన తేదీ అన్నిచోట్లా ఒకటేనా, ఏసీఈ-3, ఏసీఈ-2 (ఆర్మీ చదువు పరీక్షలు), మ్యాప్ రీడింగ్ పరీక్షలు పాసైనవి ఎక్కాయా, కోర్సు గ్రేడింగులు ఎక్కాయా. లేనివి రాసుకుని ఒక్కొక్కటే ఎక్కించుకో. నెలలు పట్టే పని ఇది, లెటర్ వచ్చిన రోజు అవదు.

దీని తర్వాత కంపెనీ సీనియర్ జేసీఓ ద్వారా కంపెనీ కమాండర్‌కి, ఆయన ద్వారా సీఓ ఇంటర్వ్యూకి పేరు పెట్టించుకో. ఇంటర్వ్యూలో రెండే మాటలు చెప్పు. ‘సాబ్, నాకు ఎన్‌ఎస్‌జీకి వెళ్లాలని ఉంది. దానికోసం ఈ కోర్సుకి పంపించండి.’ ఇలా ముందుగా నోరు తెరిచి అడిగినవాణ్ని సీఓ గుర్తుపెట్టుకుంటారు. లెటర్ వచ్చాక పరిగెత్తుకెళ్లేవాళ్లు పదిమంది ఉంటారు. మేం పేర్లు రాసేటప్పుడు సీఓ సాబ్ నోట విన్న మొదటి మాట చాలాసార్లు ‘ఆ కుర్రాడు ముందే అడిగాడు కదా’ అనే.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. పనిమంతుణ్ని ఏ కంపెనీ కమాండరూ సులువుగా వదలడు. నీ పని ఇంకెవరికీ రాకపోతే ‘నాట్ రికమెండెడ్, షార్టేజ్ ఆఫ్ మ్యాన్‌పవర్’ అని రాసి పంపుతారు. మందు ఒకటే, నీ పని ఇంకొకడికి నేర్పు. నీ తర్వాత ఎవరు చూస్తారన్న ప్రశ్నకి పేరుతో సహా జవాబుంటే, ఆపడానికి వాళ్లకి కారణం ఉండదు.

ఇక నీ శిక్ష. లీవు దాటి రావడం ఆర్మీ యాక్ట్ 39(బీ). అది నేరమే, కానీ దానితో దారులన్నీ మూసుకుపోవు. చూడాల్సింది శిక్ష ఏ ఇంకుతో ఎక్కిందన్నది. చిన్న శిక్ష నల్ల ఇంకు, తీవ్రమైనది ఎర్ర ఇంకు. నల్ల ఇంకు ఒక్కటే ఉండి, ఆ తర్వాత మచ్చ లేకుండా గడిపితే చాలా సెలెక్షన్లలో అది పెద్ద అడ్డు కాదు. ఎర్ర ఇంకైతే కష్టం. కొంతకాలం శుభ్రంగా గడిపి ఆ తర్వాత ప్రయత్నించాలి. మందు తాగి దొరికిన కేసు, అంటే సెక్షన్ 48, లేదా ఆయుధం విషయంలో నిర్లక్ష్యం ఉంటే ఎన్‌ఎస్‌జీ లాంటి చోట ఆశ పెట్టుకోవద్దని నేను పిల్లలకి ముందే చెప్పేవాణ్ని. నీది లీవు కేసు కాబట్టి నిలబడే అవకాశం ఉంది. ఇంటర్వ్యూలో అడిగితే దాచకు. ఏ కారణంతో ఆలస్యమైందో ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకో. రైలు మీదా, పెళ్లి మీదా నెపం నెట్టేవాడికంటే ‘తప్పు నాదే సాబ్’ అన్నవాడికే మార్కులు పడతాయి.

ఒంటి సంగతి. షేప్-1 తప్పనిసరి. మనసు, వినికిడి, కాళ్లూచేతులు, శరీర దారుఢ్యం, కంటిచూపు, ఐదింట్లోనూ ఒకటి ఉండాలి. బీపీఈటీలో 30 ఏళ్ల లోపు వాళ్లకి పిట్టూ (వీపు సంచి), రైఫిల్‌తో 5 కిలోమీటర్లు 25 నిమిషాల్లో అయితే ఎక్సలెంట్, ఇరవై ఆరున్నరలో గుడ్, 28లో శాటిస్‌ఫాక్టరీ అన్న లెక్కలతో మేం పరిగెత్తాం. మీ యూనిట్‌లో ఇప్పుడు నడుస్తున్న ప్రమాణం ఏదో పీటీ ఉస్తాద్‌ని అడిగి, అందులో ఎక్సలెంట్‌కి తక్కువైతే పేరు ఇవ్వకు. పరుగు మీద ఒకటే చెప్తాను, బరువు మెల్లగా పెంచు. నెలరోజుల్లో సిద్ధమైపోవాలని మొదటి వారంలోనే ఇరవై కిలోలు వేసుకుని తారురోడ్డు మీద పరిగెత్తి, మోకాలి కింద ఎముకలో పగులు తెచ్చుకున్నవాళ్లని చూశాను. అది మానడానికి నెలలు పడుతుంది, క్యాటగిరీ తగ్గుతుంది, లెటర్ వెళ్లిపోతుంది. మట్టి దారి మీద పరిగెత్తు. బూట్లు కొత్తవైతే నెల ముందే అలవాటు చేసుకో. మార్చ్‌లో రెండు జతల సాక్సులు వేసుకుని, ఆగిన ప్రతిచోటా తడిసినవి మార్చు. పాదం మీద పొక్కు లేస్తే పగలగొట్టి మట్టిలో తొక్కకు. ఎంతో గుండెధైర్యం ఉన్నవాళ్లు కూడా పాదాల దగ్గర ఓడిపోతారు.

ఈత వచ్చా నీకు? ఇది ఎవరూ అడగరు, నేను అడుగుతున్నాను. గోదావరి గట్టు పిల్లలకి దాని గురించి చెప్పక్కర్లేదు. ప్రకాశం, అనంతపురం, మహబూబ్‌నగర్ మెట్ట ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలో చాలామంది నీళ్లు చూస్తే బిగుసుకుపోతారు. బెంగళూరులో మీ సెంటర్ పక్కనే ఉల్సూరు చెరువుంది, సాపర్లకి నీటి పని పుట్టుకతో వచ్చిన పని. ముందు నేర్చుకో, ఆ తర్వాతే స్పెషల్ ఫోర్సెస్ మాట.

హిందీ. ఎన్‌ఎస్‌జీలోనూ పారాలోనూ నువ్వు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఆర్డర్ విని అర్థం చేసుకోవాలి, రేడియోలో స్పష్టంగా చెప్పాలి. ఆరేళ్లుగా ఫౌజులో ఉన్నవాడికి ఆ మాత్రం వచ్చే ఉంటుంది, బెరుకు ఒక్కటే అడ్డు. తెలుగువాళ్లమంతా ఒకే బ్యారక్‌లో, ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటే ఆ బెరుకు పోదు. మెస్‌లో వేరే కుర్రాళ్ల పక్కన కూర్చో, తప్పైనా మాట్లాడు.

ఉస్తాద్ పోస్టింగ్‌కి మాత్రం భాష కావాలి, మళ్లీ అక్కడికే వస్తున్నాను. నీ ప్రశ్న చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: నీకు పోరాట దళం మీద కోరిక ఎంత ఉందో, నేర్చుకోవాలనీ నేర్పాలనీ అంత ఉంది. ‘జూనియర్లకి డెమాలిషన్ (పేల్చివేత) క్లాసులు నేనే చెప్తున్నాను’ అని మధ్యలో ఒక్క వాక్యం రాశావు. ఆ వాక్యం చిన్నది కాదు. కోర్సులో ఇన్‌స్ట్రక్టర్ గ్రేడింగ్ తెచ్చుకున్న ఎన్‌సీఓకి (నాయక్, హవల్దార్ లాంటి ర్యాంకులవాళ్లకి) మన ఫౌజులో ఉన్న గౌరవం చాలామంది కుర్రాళ్లకి ఇంకా తెలియదు. వెల్లింగ్టన్‌లో ఒక ఉస్తాద్ చేతిలో పడిన రిక్రూటు ఇరవై ఏళ్ల తర్వాత సుబేదార్ అయ్యాక కూడా రైల్వే స్టేషన్‌లో ఆయన్ని చూసి లేచి నిలబడతాడు. నన్ను చూసి అలా నిలబడ్డవాళ్లున్నారు, ఏ మెడల్ వల్లా నాకు అంత సంతోషం కలగలేదు.

దానికి ఏం కావాలంటే, క్లాసు చెప్పే పద్ధతి కంఠతా రావాలి. ‘షురూ షురూ కా కామ్’ అని హాజరు తీసుకుని ఆయుధాలు తనిఖీ చేయడం, వెనకటి పాఠం దోహ్రాయీ (మళ్లీ చెప్పించడం), తర్వాత పహుంచ్, అంటే ఈ పాఠం ఎందుకో విద్యార్థి మనసుకి ఎక్కించడం, ఆపై ఉద్దేశ్య్ (పాఠం లక్ష్యం), సామాన్ (కావలసిన వస్తువులు), భాగోం మే బాంట్ (పాఠాన్ని భాగాలుగా విడగొట్టడం). ఈ వరుస తప్పకూడదు. కొత్తవాళ్లు పహుంచ్‌ని రెండు ముక్కల్లో తేల్చేసి ఉద్దేశ్యానికి దూకుతారు. మంచి ఉస్తాద్ అక్కడే ఆగుతాడు. గ్రెనేడ్ క్లాసయితే ‘నీ ముందు బంకర్లో మెషిన్ గన్ ఉంది, నీ రైఫిల్ గుండు లోపలికి పోదు, ఏం చేస్తావు?’ అని అడిగి, జవాబు కోసం పిల్లల మొహాలు చూస్తాడు. పదాలు హిందీలో ఉంటాయి, ఊపిరి నీది ఉండాలి. సాయంత్రాలు ఖాళీ బ్యారక్‌లో గోడ ఎదురుగా నిలబడి ఒక క్లాసు మొత్తం గట్టిగా చెప్పు. పక్కవాళ్లు నవ్వితే నవ్వనీ.

ప్రమోషన్ గురించి. భయపడాల్సినంత లేదు, చూసుకోకపోతే దెబ్బ తగులుతుంది. వెళ్లే ముందు తర్వాతి ర్యాంకు ప్రమోషన్ క్యాడర్ (ప్రమోషన్ కోసం జరిగే కోర్సు, పరీక్ష) పాసై వెళ్లు. నువ్వు బయట ఉన్నప్పుడు యూనిట్‌లో క్యాడర్ నడిచి, నిన్ను పిలిచేవాళ్లు లేక, నీ జూనియర్ ముందు నాయక్ అయిపోయే అవకాశం ఉంది. క్యాడర్ పాసై ఉంటే వేకెన్సీ వచ్చినప్పుడు నీ సీనియారిటీ ప్రకారం నీకొస్తుంది. హవల్దార్ అయ్యాక లెక్క వేరు. నాయబ్ సుబేదార్‌కి చివరి ఐదు ఏసీఆర్‌లు (ఏటా పై అధికారి రాసే రిపోర్టులు) చూస్తారు, వాటిలో కొన్ని రెజిమెంటల్ డ్యూటీలో ఉన్నప్పుడు వచ్చినవై ఉండాలి. హవల్దార్‌గా ఒక ఈఆర్‌ఈ నుంచి ఇంకో ఈఆర్‌ఈకి, అక్కడినుంచి ఊరి దగ్గర ఎన్‌సీసీకి అని తిరిగిన ఒక మంచి మనిషి, ఆ రిపోర్టుల లోటుతోనే హవల్దార్‌గా పెన్షన్‌కి వెళ్లాడు. పనిలో వంక పెట్టలేం, వరుస తప్పింది అంతే. నీ వయసులో బయటికెళ్లి, హవల్దార్ అయ్యే సమయానికి యూనిట్‌లో ఉండేలా చూసుకోవడం మంచి పద్ధతి. గుంటూరు, కాకినాడ, తిరుపతి, వరంగల్ ఎన్‌సీసీ పోస్టింగులు చివరి ఏళ్ల కోసం అట్టేపెట్టుకో, పిల్లల చదువులకి అప్పుడే పనికొస్తాయి.

యూఎన్ మిషన్ల గురించి కింద కామెంట్లలో ఇద్దరు అడిగారు. కాంగో, దక్షిణ సూడాన్, లెబనాన్ లాంటి చోట్లకి ఎక్కువగా యూనిట్‌కి యూనిట్‌గా వెళ్తారు, లేదా దానికి కలిపే ఇంజనీర్, సిగ్నల్స్, మెడికల్ దళాలతో వెళ్తారు. జవాను ఒక్కడే వ్యక్తిగతంగా అప్లై చేసుకునే రకం కాదది. మీ యూనిట్ పేరు వస్తే మెడికల్, డ్రైవింగ్, డాక్యుమెంట్లు బాగున్నవాళ్లు ముందుంటారు, మళ్లీ అవే.

అగ్నివీర్ తమ్ముళ్లకి ఒక్క మాట. మీ చేతిలో ఉన్నవి నాలుగేళ్లు, రెగ్యులర్ అయ్యేది గరిష్ఠంగా నాలుగో వంతు. డెప్యుటేషన్ల మీద మనసు పెట్టకుండా ఫైరింగ్, బీపీఈటీ, డ్రిల్, కోర్సుల్లో మార్కులు తెచ్చుకోండి. మెరిట్‌కి లెక్క అవే. రెగ్యులర్ అయ్యాక ఈ జవాబంతా మీకూ వర్తిస్తుంది.

‘ఎన్‌ఎస్‌జీలో వేయిస్తాను, లక్షన్నర ఇవ్వు’ అని ఫోన్ చేసేవాళ్లున్నారు. కొందరు రిటైర్డ్ మనుషులమని చెప్పుకుంటారు. రూపాయి ఇవ్వకు. సీఓ సిఫారసు, మెడికల్, స్క్రీనింగ్, ఈ మూడింట్లో దేన్నీ వాడు కొనలేడు. ఆ ఫోన్ సంగతి కంపెనీ కమాండర్‌కి చెప్పు.

ఇక ఇంటి విషయం. ప్రొబేషన్‌లో ఫోన్ ఉండదనే అనుకో. ఎన్‌ఎస్‌జీ ట్రైనింగ్‌లోనూ మనసు ఇంటి మీదుంటే చెయ్యి వణుకుతుంది. డెలివరీ ఇంకో నాలుగైదు నెలల్లో అన్నావు కాబట్టి ఈ మధ్యలో లెటర్ వచ్చినా పేరు ఇవ్వకు. ఆ సమయంలో సెలవు పెట్టి ఆమె దగ్గరుండు. పుట్టిన బిడ్డ పార్ట్ టూ ఆర్డర్ కూడా సెలవు నుంచి వచ్చిన వెంటనే వేయించు. ఈలోపు డాక్యుమెంట్లు, ఈత, బాంబ్ డిస్పోజల్ కోర్సుకి అర్జీ, నాయక్ క్యాడర్, ఇవి పూర్తిచేసుకో. వెళ్లే ముందు ఆమెకీ మీ అమ్మానాన్నలకీ ఎంతకాలం మాట్లాడలేవో, అత్యవసరమైతే యూనిట్‌లో ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసిచ్చి వెళ్లు.